లంక బడి కట్టుబాటు

హలో… ఆ, నేనేనండీ మాస్టారూ, సుగుణని. వినపడుతోందా? … బయటికి గట్టు మీదకొచ్చి నిలబడ్డానండీ, గదిలోకెళ్తే సిగ్నల్ ఉండదు.

… బస్సు వచ్చేసిందా? … గట్టు మొదట్లోనే ఆగారా, రోడ్డు మీద? … ఎంతమందండీ బస్సులో? … నలభై మందీ వచ్చేశారా. తాడేపల్లిగూడెం వాళ్ళు కూడానా.

… లేదండీ. ఇంకా బయల్దేరలేదు.

బడి దగ్గరే ఉన్నాను.

… లేదు మాస్టారూ, తలుపు తియ్యలేదు. తాళంచెవి చేతిలోనే ఉంది. … తెలుసండీ సమ్మె ఇవాళ్టి నుంచేనని. ఏలూరులో ధర్నా పదింటికని కూడా తెలుసు. నోటీసు మీద సంతకం పెట్టినదాన్ని, నాకు తెలీదా.

కోప్పడకండి. మీరు కోప్పడితే నాకు ఇప్పటికీ ఏడో క్లాసులో మీ ముందు నిలబడి లెక్క తప్పు చెప్పినట్టే ఉంటుంది, నోట్లోంచి మాట రాదు. ఒక్క పది నిమిషాలు నా మాట వినండి. అంతసేపూ బస్సు ఆపండి.

టైమెంతయింది మీ దగ్గర? … ఎనిమిదీ నలభై. నా దగ్గరా అంతే.

తొమ్మిదింటికి నేను గంట కొట్టకపోతే ఈ బడి పోతుంది మాస్టారూ.

… మీటింగుల్లో చెప్పే మాట కాదండీ ఇది. నిజంగానే పోతుంది. ఇవాళే పోతుంది.

… చెబుతాను. ఇదివరకు చెప్పకపోవడం నా తప్పే. జూన్‌లో బళ్ళు తెరిచినప్పుడు ఇక్కడ ఎంతమంది ఉన్నారో గుర్తుందా మీకు? … ఆ, ఆరుగురు. మిగతా పిల్లలందరూ టౌను కాన్వెంటు వ్యానెక్కి పోయేవారు. ఎందుకు పోరండీ? నా ముందున్నాయన వారానికి రెండు రోజులొచ్చేవాడు. వానపడితే అదీ లేదు. … నేను ఇంటింటికీ తిరిగాను. చేపల చెరువుల గట్ల మీద కాపలా పాకలుంటాయి చూడండి, వాటికీ వెళ్ళాను. ఒక్కరు పంపుతానంటే ఒట్టు. చివరికి సత్తిరాజు గారి కాళ్ళు పట్టుకున్నంత పనిచేశాను. ఈ లంకకి పెద్దండీ ఆయన. ఆయనే ఊరందర్నీ రామాలయం దగ్గర కూర్చోబెట్టి కట్టుబాటు చేయించారు.

… మీరు కొల్లేట్లో పనిచెయ్యలేదు కాబట్టి మీకు తెలీదు. ఊరంతా కూర్చుని ఒక మాట అనుకుంటారండీ. చెరువు వేలంపాటైనా సరే, పెళ్ళి ఖర్చైనా సరే. కర్పూరం వెలిగించి అనుకుంటారు. అనుకున్నాక ఎవరూ దాటకూడదు. దాటినవాడి ఇంటికి ఊళ్ళో నిప్పూ నీళ్ళూ పుట్టవు.

ఏమనుకున్నారంటే, ఈ లంక పిల్లలెవరూ వ్యానెక్కకూడదు, అందరూ మన బడికే రావాలి.

… ఊరికే ఎందుకు చేస్తారండీ. నా దగ్గరా మాట తీసుకున్నారు. బడి ఉన్న రోజున తొమ్మిదింటికి గంట మోగాలి, అదీ నేనే కొట్టాలి. ఒక్కరోజు మోగకపోయినా కట్టుబాటు పోయినట్టే. ఎవరి పిల్లల్ని వాళ్ళు ఎక్కడికైనా పంపుకోవచ్చు. … చెరువుల మీద పనిచేసుకునేవాళ్ళకి కూడా వినపడుతుందండీ ఆ గంట. నేనొచ్చానో లేదో అక్కణ్ణుంచే తెలుసుకుంటారు.

మా జాయ్సీని కూడా ఇక్కడే వేశాను. తెలుసు కదా మీకు. … మరేం చెయ్యను. 'మీ పాప ఎక్కడ చదువుతోందండీ' అని ఒకావిడ అందరి ముందూ అడిగింది. ఏలూరులో కాన్వెంటులో అని చెప్పి తల వంచుకున్నాను. మర్నాడు వెళ్ళి టీసీ తెచ్చేశాను. మా ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు ఇరవై ఒక్కరండీ. జాయ్సీతో కలిపి. ఇరవై కన్నా తగ్గితే ఏం చేస్తారో మీకు నేను చెప్పాలా. నాలుగు కిలోమీటర్ల అవతల బడిలో కలిపేస్తారు. నెలాఖరుకి లెక్క చూడ్డానికి వస్తున్నారు.

… అవునండీ, బళ్ళు కలిపేసే ఆ ఉత్తర్వు మీదే సమ్మె. నా బడిలాంటి బళ్ళ కోసమే సమ్మె. అదే కదా నేను మొత్తుకునేది. నా బడి కోసం సమ్మె చేస్తే నా బడి పోతోంది.

నవ్వొస్తోందా? … నాకూ వస్తోందండీ. ఏడుపుకి ముందొచ్చే నవ్వు.

… ఆ హారనా? వ్యానండీ. ఎనిమిదిన్నర నుంచీ బడి ఎదురుగానే ఆగి ఉంది. పేపర్లో సమ్మె సంగతి చూసి వచ్చాడు డ్రైవరు. తలుపు బార్లా తీసిపెట్టి టీ తాగుతున్నాడు.

ఒక్క నిమిషమండీ— ఆయ్, సత్తిరాజు గారూ. మాట్లాడుతున్నానండీ. మా సంఘం ప్రెసిడెంటు గారితోనే. ఎడ్విన్ మాస్టారని… ఇంకా టైముంది కదండీ. … అలాగేనండీ.

ఆయనే. ఊరంతా ఇక్కడే ఉంది మాస్టారూ. చెరువుల మీదకి పోవాల్సిన మగవాళ్ళు కూడా ఆగిపోయారు. ఎవరూ ఒక్క మాట అనడం లేదు. అన్నా బావుండును. చూస్తున్నారంతే.

… అడిగానండీ. నిన్న సాయంత్రమే అడిగాను. మూడు రోజులే సమ్మె, నాలుగో రోజు నుంచి మామూలే, ఈ మూడు రోజులూ వదిలెయ్యండి అన్నాను. ఏమన్నారో తెలుసా? 'మీకొక్కరికీ వదిలితే రేపు ఇంకొకరు వదలమంటారు. ఒక్కచోట వదిలాక ఇంక ఊరంటూ ఉండదండీ మేడం గారూ' అన్నారు. కోపంగా కాదు. అండీ అనే అన్నారు.

… మీరు మాట్లాడతారా? మాట్లాడండి మాస్టారూ, పెద్దవారు, మీరు చెబితే వింటారేమో— సత్తిరాజు గారూ, మా మాస్టారు ఒక్కమాట మాట్లాడతారంటండీ. … అది కాదండీ… ఒక్కమాటేనండీ…

తీసుకోవడం లేదు మాస్టారూ. 'మాటిచ్చింది మీరు, ఆయన కాదు' అంటున్నారు.

… ఎనిమిదీ నలభై ఏడు.

మాస్టారూ, ఒకటి అడుగుతాను, కాదనకండి. గంట కొట్టి వచ్చేస్తాను. పాఠం చెప్పను. బోర్డు ముట్టుకోను. ఫోన్లో హాజరు ఎక్కించను. అప్పుడు నేను సమ్మెలో ఉన్నట్టే కదా. … గంట కొడితే తెరిచినట్టేనా. … గంట వరండాలోనే ఉందండీ, తలుపు తియ్యక్కర్లేదు. … అదీ కుదరదా.

పోనీ సుబ్బాయమ్మ చేత కొట్టిస్తే? వంట సుబ్బాయమ్మండీ. ఆవిడ టీచరు కాదు, సమ్మెలో లేదు. … ఆ, ఇక్కడా అడిగాను. వీళ్ళూ ఒప్పుకోలేదు. ఈ ఒక్క విషయంలో మీరూ ఊరూ ఒక్కటయ్యారు. సంతోషం.

… క్షమించండి. నోరు జారింది.

… ఆఫీసు నుంచా? ఆ, చేశారండీ, నిన్న మధ్యాహ్నం. మీకెలా తెలిసింది? … 'బడి తెరిచి ఒక ఫోటో పెట్టండమ్మా, మీ పేరు పైకి పంపుతాం' అన్నారు. … పెట్టనండీ. చచ్చినా పెట్టను. నా గురించి అంత మాట ఎలా అనుకున్నారు.

… నేను పెట్టకపోయినా ఇంకెవరో తీస్తారు. నిజమే. ప్రతివాళ్ళ చేతిలోనూ ఫోనుంది. … 'సమ్మెకి స్పందన లేదు, లంక బడి కూడా నడిచింది' అని నా బడి బొమ్మే వేస్తారు. నిజమేనండీ. రాత్రంతా ఇదే ఆలోచించాను. మీరు చెప్పేవన్నీ నాకు నేను చెప్పుకున్నవే.

… అనండి. ఆ మాట కూడా అనెయ్యండి.

… అవును, నేనే లేచాను. ఒప్పుకుంటున్నాను. ఆ రోజు తాడేపల్లిగూడెం మీటింగులో సమ్మె కావాలా వద్దా అని అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే లేచి మైకు తీసుకున్నది నేనే. పక్క లంక బడి గురించి చెప్పాను. నిరుడు కలిపేశారు, ఇప్పుడు ఆ గదుల్లో చేపల మేత బస్తాలు పెట్టుకున్నారు, బస్తాల వెనకాల గోడ మీద గుణింతాలు ఇంకా కనపడుతున్నాయి అన్నాను. అక్కడి పదకొండు మందిలో దూరం బడికి వెళ్తున్నది నలుగురే, అందులో ఆడపిల్ల ఒక్కతీ లేదు అన్నాను. మంగాదేవి టీచరు కళ్ళు తుడుచుకుంది. అప్పుడు ఎత్తారు చేతులు. మీరూ ఎత్తారు.

… గుర్తు లేకేం. కట్టుబాటు సంగతి అప్పుడూ గుర్తుంది.

ఎందుకు చెప్పలేదంటే… సమ్మె దాకా రాదనుకున్నాను మాస్టారూ. మనమంతా చేతులెత్తామని తెలిస్తే పైవాళ్ళే దిగొస్తారనుకున్నాను. ఎప్పుడూ అంతే కదండీ, ముందురోజు సాయంత్రం పిలిచి మాట్లాడేవారు, ఆగిపోయేది. ఈసారీ ఆగిపోతుందనుకున్నాను. నిన్న రాత్రి పది దాకా మీ ఫోను కోసమే చూశాను. ఇక్కడొక మాటిచ్చి, అక్కడొక మాటిచ్చి, రెండూ ఒక్కరోజున నిలబెట్టాల్సొస్తుందని అనుకోలేదు. తప్పే. బుద్ధిలేని తప్పు.

… ఎవరు? జగన్మోహనరావు గారా? కామవరపుకోట నుంచి వచ్చారా ఆయన. ఆ మోకాళ్ళతోనా. … ఆ రోజు మైకులో నా మాటలు విని వచ్చారా. … వద్దండీ, ఆయనకివ్వకండి ఫోను. మాస్టారూ, ఇవ్వకండి—

నమస్కారమండీ. … ఆయ్. బావున్నానండీ. … ఆయ్, వస్తాననే చెప్పానండీ. … లేదండీ, మీ మీద గౌరవం లేక కాదు. … రిటైర్మెంటుకి ఆరు నెలలుందా మీకు. … నాకు సిగ్గుగా ఉందండీ. ఇంకేమీ చెప్పలేను. మాస్టారికివ్వండి.

ఎందుకిచ్చారండీ ఆయనకి. తెలిసే ఇచ్చారు.

… సమ్మె వద్దని నేననడం లేదు. చెయ్యాలి. మనం నోరు మూసుకుంటే ఏటా పది బళ్ళు మేత గోడౌన్లవుతాయి. కానీ మాస్టారూ, ఫ్యాక్టరీ ఆపితే ఓనరుకి నష్టం. బడి ఆపితే ఎవరికండీ నష్టం? ఉత్తర్వు రాసినవాళ్ళ పిల్లలెవరైనా ఇక్కడ చదువుతున్నారా? చెరువుల్లో వల లాగేవాళ్ళ పిల్లలండీ వీళ్ళు. వీళ్ళని బయట నిలబెట్టి ఎవరిని భయపెడుతున్నాం మనం?

… ఆ మాట మనం సమ్మె అన్నప్పుడల్లా పైవాళ్ళే అంటారు. నిజమే. 'పిల్లల కోసం' అని చెప్పే ఇన్నాళ్ళూ మన నోళ్ళు మూయించారు. అదీ నిజమే. మీరు చెప్పేదీ నిజం, నేను చెప్పేదీ నిజం. అందుకే కదండీ ఇలా ఏడుస్తున్నాను.

హరిప్రియ అని ఐదో క్లాసు పిల్లుంది మాస్టారూ. ఇప్పుడు నా ఎదురుగానే నిలబడింది. లెక్కలు మీలా చేస్తుంది, నోటితోనే. వాళ్ళమ్మ నిన్ననే చెప్పేసింది. కట్టుబాటు పోతే తమ్ముణ్ణి వ్యానులో పంపుతారట. ఇద్దర్నీ పంపలేరు. దీన్ని చెరువు గట్టు మీద చేపలు ఏరి ఐసు పెట్టెల్లో సర్దే పనికి తీసుకెళ్తారట. ఇంకా పదకొండేళ్ళు కూడా నిండలేదు.

… ఒక్కరికి మినహాయిస్తే అందరూ అడుగుతారా. … సత్తిరాజు గారు కూడా ఇదే అన్నారండీ నిన్న. అక్షరం తేడా లేదు.

… చెప్పండి మాస్టారూ, వింటున్నానండీ. …

… కార్యవర్గాన్ని అడిగి చెబుతారా? … అందరూ బస్సులోనే ఉన్నారు కదా, అడగండి. ఇప్పుడే అడగండి. ఎనిమిదీ యాభై నాలుగయింది. … ఉంటాను. లైన్లోనే ఉంటాను.

… …

జాయ్సీ, ఎండలో నిలబడకమ్మా, ఇటు రా. … హరిప్రియా, నువ్వూ రా. … కొడతానమ్మా. కొడతాను. మాస్టారు అడుగుతున్నారు. … ఏం కాదు. ఏడవడం లేదు, ఎండ కళ్ళల్లో పడుతోంది.

… మాస్టారూ? ఏమంటున్నారు? … ఇద్దరు వద్దంటున్నారా. ఎవరు? … వద్దులెండి, చెప్పకండి. … చేతులెత్తమంటున్నారా. సరే. … బస్సులో నిలబడ్డవాళ్ళవి కూడా లెక్కపెట్టండి. …

… ఇప్పుడు సవరణేంటండీ? … 'మినహాయింపు' అని రాయకూడదా. మరేమని రాస్తారు? … 'ప్రత్యేక పరిస్థితి'. ఏదో ఒకటి రాయండి మాస్టారూ, ఏదో ఒకటి. … రాసేది ఎవరు, ప్రద్యుమ్న గారా? ఆయన అక్షరం దిద్ది దిద్ది రాస్తారు. ఇంకెవరికైనా ఇవ్వండి కాగితం. … ప్రతిపాదించేవారు, బలపరిచేవారు… అది తర్వాత రాసుకోకూడదా? ముందు నాకు ఊఁ అనండి. ఒక్క ఊఁ. … తీర్మానం కాకుండా అనరా. మీరు అనరు, నాకు తెలుసు. …

… ఆ, వింటున్నాను. చదవండి. … ఆ. … ఆ. …

ఏమండీ సత్తిరాజు గారూ? … ఏంటండీ? …

… అయ్యో.

తొమ్మిదీ రెండు, మాస్టారూ.

తొమ్మిదీ రెండయింది. ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాను, చూసుకోలేదు.

సత్తిరాజు గారూ, కొడుతున్నానండీ, ఇదిగో… రెండు నిమిషాలే కదండీ… తప్పుకోండి, కొట్టనివ్వండి…

… చెయ్యి అడ్డం పెట్టారు మాస్టారూ. 'వద్దండీ మేడం గారూ. అయిపోయింది. మా వైపు నుంచి మేం తప్పలేదు' అంటున్నారు.

… లేదండీ. కొట్టలేదు. కొట్టనివ్వలేదు.

… ఎక్కిస్తున్నారు. … లాస్య ఎక్కింది. … కవలలిద్దరూ ఎక్కారు. … పిల్లలు నావైపు చూస్తున్నారు. అమ్మలే చూడ్డం లేదు. … నేనేం చెయ్యనండీ. వ్యానుకి అడ్డంగా పడుకోనా? … మీరేమంటున్నారో నాకు వినపడ్డం లేదు. హారను కొడుతున్నాడు.

… బయల్దేరింది.

మీ దగ్గరికే వస్తుంది మాస్టారూ. గట్టు దిగి రోడ్డెక్కాలి కదా, మీ బస్సు పక్కనుంచే పోవాలి. పచ్చ వ్యాను. కిటికీలోంచి చూడండి. … చూడండి మాస్టారూ. … లెక్కపెట్టండి. … నాకు తెలుసు ఎంతమందో. మీరు లెక్కపెట్టాలి. బస్సులో అందరూ లెక్కపెట్టాలి. చేతులు లెక్కపెట్టారు కదా ఇందాక.

… వస్తోందా? … మెల్లగానే వస్తుంది, గట్టంతా గోతులు. … ఆ. …

… పదహారా? కాదు, పదిహేడు. సాయిచరణ్ అని ఒకడు డ్రైవరు పక్కన కూర్చుని ఉంటాడు. పొట్టివాడు, కిటికీలోంచి కనపడడు. పదిహేడు.

… …

మాస్టారూ? … ఏడుస్తున్నారా? …

ఊరుకోండి మాస్టారూ. అందరూ చూస్తారు. … మీరేం చేస్తారు. మీరు ఏది పడితే అది చేసే మనిషైతే మీ మాట నేనెందుకు అడుగుతాను.

… ఏమిటి? … అందరూ ఒప్పుకున్నారా. ఆ ఇద్దరూ కూడానా. … తెరుచుకోమంటున్నారా.

ఇప్పుడా అండీ?

… …

ఒక్క నిమిషం. ఉండండి, పెట్టెయ్యకండి— అమ్మా, హరిప్రియ వాళ్ళమ్మా. ఎక్కడికి తీసుకెళ్తున్నావమ్మా? … పనికి రేపట్నుంచి తీసుకెళ్ళు. ఇవాళ్టికి ఉండనివ్వమ్మా. … పోయిందిలే కట్టుబాటు, నాకూ తెలుసు. కట్టుబాటు కోసం కాదు. నేనడుగుతున్నాను. … సాయంత్రం దాకా. … చల్లగా ఉండమ్మా.

… ఉన్నానండీ. నలుగురు మిగిలారు మాస్టారూ. మా జాయ్సీ, హరిప్రియ, వ్యాను ఫీజు కట్టలేనివాళ్ళ పిల్లలు ఇద్దరు. … నెలాఖరుకి ముగ్గురే ఉంటారని నాకూ తెలుసు. ముగ్గురికి బడి ఉంచరనీ తెలుసు.

… వద్దండీ. మినహాయింపు వద్దు. ఆ కాగితం చింపెయ్యండి. నన్ను వదిలితే రేపు ఇంకొకర్ని వదలాలి. సమ్మె సమ్మెగానే జరగాలి. నేను బడి తెరుస్తున్నాను, మాట తప్పానని రాసుకోండి. సంఘంలోంచి తీసేస్తే తీసెయ్యండి, మీ మీద కోపం రాదు. పేపరువాళ్ళు అడిగితే, ఒక్కతి మాట తప్పి బడి తెరిచింది, పిల్లలు నలుగురు, నిన్నటిదాకా ఇరవై ఒక్కరు అని చెప్పండి. ఎందుకు తగ్గారో కూడా చెప్పండి. గట్టిగా చెప్పండి, నేనైతే మైకులో ఎలా చెప్పేదాన్నో అలా.

… వెళ్ళండి. ఇంక ఆలస్యం చెయ్యకండి, పదింటికి ధర్నా. … జగన్మోహనరావు గారికి నా నమస్కారాలు చెప్పండి. ఎక్కువసేపు నిలబడనివ్వకండి ఆయన్ని.

… తాళం తీశానండీ. ఇప్పుడే. …

ఉంటాను మాస్టారూ. నలుగురూ గుమ్మం అవతలే నిలబడిపోయారు. రమ్మనేదాకా లోపలికి రారు, నేనే నేర్పాను. … ఆ.

రండమ్మా.